ఖుర్సీపార్‌లో క్యూబా ర్యాప్

ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన కొత్తలో, భిలాయి ఖుర్సీపార్‌లోని ఒక క్యాసెట్ల కొట్టులో క్యూబా ర్యాప్ బృందం స్పానిష్ పాట విన్నాను. తాళం అందింది, తాత్పర్యం అందలేదు. అయినా పరువు కోసం తల ఊపాను.

కొట్టు చూసుకునే తెలుగమ్మాయి నవ్వింది. "గల్లీల్లో పాడుకునేవోళ్ళన్నా ఈళ్ళు. అమెరికావోళ్ళ పెద్ద అవార్డుకి నామినేషన్ దాకా ఎల్లారు."

"గెలిచారా?"

"నేదు. అయితే ఏటి? బాస మార్చీసినారా?"

ఆ సాయంత్రం చర్చి పాటల పోటీలో ఆమె ర్యాప్ ఉందంటే వెళ్ళాను. హిందీలో పాడితేనే బహుమతి అని నిర్వాహకులు చెప్పారట. హిందీ ఆమెకు తెలుగుకన్నా బాగా వచ్చు.

వేదికెక్కి, "బహుమతి మీరే ఉంచుకోండి భయ్యా" అని తెలుగులో పాట అందుకుంది. నిర్వాహకుడు మైకు ఆపేశాడు. ఆమె ఆపలేదు.

ముందు వరుసలోంచి వాళ్ళ మామ్మ లేచింది. "ఒలే, గట్టిగా పాడే! ఎనకోళ్ళకీ ఇనిపించాల!"