మాస్టారు రాయనివ్వని మినహాయింపు

ఏటా జూలైలో ఆదాయపు పన్ను రిటర్ను వేయించుకోవడానికి రామచంద్రపురంలోని నా షాపుకి ఒక లెక్కల మాస్టారు వచ్చేవారు. ఫైలు తెరవగానే అందులో ఉన్న వాళ్లమ్మాయి వైకల్య ధ్రువపత్రాన్ని బోర్లా తిప్పి పెట్టేసేవారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ పిల్ల మంచం దిగలేదు, నోరు తెరిచి నాన్నా అనలేదు. ఆమె పోషణకి పన్నులో మినహాయింపు ఉంది. ఆయన మాత్రం రాయనిచ్చేవారు కాదు.

వాళ్ల స్కూల్లో కొందరు దొంగ మినహాయింపులు రాయించుకుని నోటీసులు అందుకున్నారు. ఆ భయం ఈయనకి పట్టుకుంది.

"మీది నిజమే కదా మాస్టారూ, భయం దేనికండి?" అన్నాను.

"నిజమైతే మాత్రం? నోటీసొస్తే రుజువు అడుగుతారండి. మా పిల్లని నలుగురి ముందుకీ మోసుకెళ్లి చూపించమంటారా?"

కాగితాలు చాలునని ఎంత చెప్పినా వినలేదు.

కిందటేడు వచ్చినప్పుడు ఆ ధ్రువపత్రాన్ని ఆయనే తీసి నా చేతికిచ్చారు.

"రాయండి. మార్చిలో పోయిందండి. ఇంక చూపించమన్నా పిల్ల లేదు."

రిటర్ను మార్చితో ముగిసిన ఏడాదిది కాబట్టి మినహాయింపు చెల్లుతుంది. కంప్యూటరు వైపు తిరిగాను. ఆధారపడినవారు మీకు ఏమవుతారని అడిగే గడిలో నేను 'కూతురు' అని నింపేదాకా ఆయన రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నారు.