రెండు దిక్కుల కబురు

లింగమూర్తికి కుదురు లేదు. ఎన్నడూ లేదు లెండి, కానీ కువైట్‌లో యుద్ధమని రేడియో చెప్పిన తొంభయ్యో సంవత్సరం మరీ కాలుగాలిన పిల్లి అయిపోయాడు. తమ్ముడు రాజం అక్కడే చిక్కుకున్నాడు. ఉత్తరం లేదు, ఫోను లేదు.

కరీంనగర్‌లో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, లింగమూర్తి కంప్యూటర్ల మీద పరిశోధన చేసేవాడు. ఏమిటయ్యా అది అంటే, నాలుగైదు యంత్రాలు, ఒక్కోదానికి సగం సగమే తెలుసు. ఒకదానికొకటి కబురంపుకుంటూ, ఏది ఎంతవరకు నిజం కావచ్చో తేల్చుకోవాలి. ఎవరి మాట ఎవరి మీద ఆధారపడిందో సున్నాలు గీసి బాణాలతో కలిపేవాడు. బాణాలు గుండ్రంగా తిరిగాయా, కొంప మునిగినట్టే! ఒక యంత్రం ఊహే నాలుగు చోట్ల తిరిగి, దానికే కొత్త సాక్ష్యంలా వచ్చి చేరుతుంది. అనుమానం కాస్తా నమ్మకమై కూర్చుంటుంది.

ఇంత తెలిసినవాడు ఇంట్లో ఏం చేశాడు? ధర్మపురి నుంచి మేనమామ లచ్చయ్య వచ్చి, "రాజం తప్పిచ్చుకొని జోర్డాన్ చేరిండట, ఫికర్ చేయకుండ్రి" అన్నాడు. ఇచ్చోడ నుంచి చుట్టం భూమన్న వచ్చి అదే చెప్పాడు. రెండు దిక్కుల నుంచి ఒకే మాట, ఇంకేం కావాలి! తల్లి కొమురవ్వ కళ్లు తుడుచుకుంది. కువైట్ నుంచి తప్పించుకున్నవాళ్లు విమానం దిగే బొంబాయికి పోయి ఆరా తీద్దామనుకున్న లింగమూర్తి ఆ ప్రయాణం మానుకున్నాడు.

అయినా అనుమానం పోదు. జోర్డాన్ చేరినవాడు ఒక్క టెలిగ్రాం ఇవ్వడా? ఒకనాడు క్లాసులో బోర్డు మీద సున్నాలు గీస్తుంటే చెయ్యి ఆగిపోయింది: ఆ ఇద్దరికీ కబురు చెప్పిందెవరు? పాఠం అక్కడే వదిలి బస్సెక్కాడు. ధర్మపురిలో లచ్చయ్య, "సత్తమ్మ గోదారి తానానికి వచ్చి చెప్పిపోయింది" అన్నాడు. అటు నుంచి అటే ఇచ్చోడ పోతే, భూమన్నకూ సత్తమ్మే చెప్పిందట. సత్తమ్మ లింగమూర్తికి మేనత్త, ఉండేది వేములవాడలో. అక్కడికీ ఉరికాడు.

"మీ అవ్వనే చెప్పింది గదరా నాకు!" అందామె.

ఇల్లు చేరి తల్లి ముందు కూలబడ్డాడు.

"అవ్వా, తమ్ముడు జోర్డాన్ పోయిండని అత్తకు నువ్వు చెప్పినవా?"

"చెప్పిన. మొదటి దినం నువ్వే అంటివి గదరా, గటు దిక్కు పోయుంటడని."

నిజమే, ఆ రోజు అలాగే అన్నాడు. కొమురవ్వ కొడుకు మొహంలోకి చూసింది.

"సదువుకున్నోనివి, నువ్వన్నవని నేను నమ్మిన. మరి నువ్వు దేన్ని నమ్మి అన్నవు బిడ్డా?"

"నువ్వేడుస్తుంటే సూడలేక అన్ననవ్వా."

రాజం ఉన్నాడో లేడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదన్న సంగతి ఇద్దరికీ అప్పుడే తెలిసింది. కొమురవ్వ ఈసారి ఏడవలేదు.

"లే, బొంబాయి పో," అంది. "సూసిందే వచ్చి చెప్పు. నా మొకం జూసి చెప్పకు."