డ్రమ్ము దగ్గర అరగంట

హైటెక్ సిటీలో అమ్మకాల ఉద్యోగులు ఎంతమంది ఉన్నా, ఒక్క గ్లాసు నీళ్లతో గుడిసెల వరస మొత్తాన్ని ఒప్పించిన ఘనత నాదే. క్లోరిన్ బిళ్ల వేసిన నీళ్లు అరగంట ఆగి తాగమని మాకు పాఠంలోనే చెప్పారు. ఆగకుండా తాగాను.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బంద్‌లతో మా నర్సింగ్ కాలేజీ తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. కొత్తగూడ దగ్గర కడుతున్న టవర్ల వెనక, కూలీల గుడిసెల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వాలంటీర్లుగా వెళ్తే హాజరు వేస్తామన్నారు. లింగంపల్లిలో మా నాన్న కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినదాన్ని, వారం పనికి రెండు వారాల హాజరు బేరమాడి మరీ బయలుదేరాను.

గుడిసెలన్నీ పాలమూరు వాళ్లవి. వాళ్లకు పెద్ద దిక్కు ఒక ముసలమ్మ. కొడుకు అప్పటికే దవాఖానలో ఉన్నాడు, కోడలికి ఐదో నెల. ట్యాంకర్ నీళ్లు పట్టిన డ్రమ్ములో నేను క్లోరిన్ బిళ్ల వేయబోతే మూత మీద చెయ్యి పెట్టింది. కొంచెం జరగండి అన్నాను. నన్ను ఆంధ్రా పిల్లగా పట్టివ్వడానికి ఆ ‘అండి’ చాలు.

"మా నీళ్లన్నీ మలుపుకపోయిండ్రు. ఇగ గీ డ్రమ్ముల గూడ మందు పోస్తవా?"

నేను పుట్టింది ఇక్కడేనన్నాను. పుడితే ఏందని వెనక ఒకామె నవ్వింది. ఒళ్లు మండింది. వాళ్ల మొండితనం మీద, ఆఫీసుకు సీలు వేసిన క్యాన్లు, గుడిసెలకు ఈ మురికి పంపే కాంట్రాక్టరు మీద, హాజరుకు కక్కుర్తిపడ్డ నా మీద కూడా.

"ముందుగాల నువ్వు తాగు. నీకేం గాకుంటే నా కోడలికి పోస్త" అంది ముసలమ్మ, మూత ఎత్తి పట్టుకుని.

మా కొట్టులో గిరాకీ అనుమానపడితే, వాడు మెట్టు దిగకముందే బెల్లం ముక్క విరిచి మనమే నోట్లో వేసుకోవాలి. బిళ్ల పనిచేసేదాకా కూర్చోబెడితే వీళ్లు లేచిపోతారనుకున్నాను. బిళ్ల వేశాను, కర్రతో కలిపాను, గ్లాసు ముంచి తాగేశాను. ముసలమ్మ పక్కకు జరిగింది. సాయంత్రానికి అన్ని డ్రమ్ముల్లోనూ బిళ్లలు పడ్డాయి.

మర్నాడు వాంతులతో నేనే పడ్డాను. పడేసింది మందు కాదు, మందు ఇంకా శుభ్రం చేయని నీళ్లు. గుడిసెలకు మాత్రం, మందు పిల్ల తన మందుకే పడిపోయిందన్న కబురు చేరింది. డ్రమ్ములు నేల మీద గుమ్మరించారు. బిళ్లలు తెచ్చిన మా క్లాసు వాళ్లను తరిమేశారు. ఆ తర్వాత ట్యాంకర్ పోసింది పోసినట్టే తాగారు.

నాకు సెలైన్ ఎక్కుతుండగానే పక్క మంచం మీదికి ఆ కోడల్ని తెచ్చారు. ముసలమ్మ నన్ను చూసింది. "నువ్వు తాగినవని నమ్మిన, నువ్వు పడ్డవని పారబోసిన. నేనేం తప్పు జేసిన, జెప్పు."

అరగంట సంగతి చెప్పాను. కూర్చోరేమో అనుకున్నానని కూడా చెప్పాను.

"ట్యాంకర్ కోసం పొద్దుందాక కూసుంటం. అరగంట కూసోకపోదుమా?"

కోడలు బతికింది. కడుపు నిలవలేదు.

ఇక లెక్క. నాకు వచ్చింది, బేరమాడుకున్న హాజరు పూర్తిగా. వాళ్లకు పోయింది ఒక బిడ్డ. అందులో కాంట్రాక్టరు వాటా తీసేసినా, ట్యాంకర్ వాడి వాటా తీసేసినా, అడగకుండా నేను మిగుల్చుకున్న ఆ అరగంట నా ఖాతాలోనే ఉంటుంది.