ఎడమ ముందు చక్రం

షెడ్డులో అందరూ ఆయన్ని బేరింగు పెద్దాయన అనేవారు. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని కిందా మీదా పట్టుకుని ఊపి, లూజు ఎంతుందో చెప్పేసేవాడు. బేరింగును కిరసనాయిలుతో కడిగి, అరచేతిలో గ్రీజు వేసుకుని రోలర్ల సందుల్లోకి దట్టించేవాడు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ కాస్త వదులుచేసి, చివరికి వేళ్లతోనే సరిపెట్టి పిన్ను వేసేవాడు.

అరవై దాటేసరికి చెవులు మొరాయించాయి. అరిగిన బేరింగు గరగర వినపడటం మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చక్రం తిప్పి, పక్కనున్న స్ప్రింగు మీద వేళ్లు ఆనించేవాడు. అదురును బట్టి తెలిసిపోయేది.

షెడ్డు అప్పటికే అల్లుడి చేతికి వచ్చింది. అయినా "పెద్దాయన చూస్తేనే బండి తీసుకెళ్తాం" అనేవాళ్లు పోలేదు. ఆ మాట వింటే అల్లుడికి ఒళ్లు మండేది. మామకు చెవుడని కనిపెట్టాక అదను కోసం కాచుకున్నాడు.

ఒక మధ్యాహ్నం నలుగురు డ్రైవర్లు టీ తాగుతుండగా, జాకీ మీదున్న వ్యాను దగ్గరికి మామను పిలిచాడు.

"ఎడమ ముందు చక్రం ఎలా ఉందో చెప్పండి మామయ్యా," అని చెవిలో అరిచాడు.

పెద్దాయన తిప్పాడు. స్ప్రింగు మీద వేళ్లు పెట్టాడు. "పోయింది. లోపలి బేరింగు మార్చాలి."

అల్లుడు ఖాళీ బేరింగు పెట్టె తీసి ఆయన మొహం ముందు ఆడిస్తూ మళ్ళీ చెవిలో అరిచాడు. "పొద్దున్నే కొత్తది వేశాను. చెవులు పోయాయంటే సరే, చేతులూ పోతే ఎలాగండీ? ఎవరి ప్రాణం తీద్దామని?"

డ్రైవర్లు పగలబడి నవ్వారు. పెద్దాయన మళ్ళీ తిప్పాడు. అదే అదురు. తన వేళ్ల వంక చూసుకున్నాడు. చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయాడు.

జరిగింది విని సాయంత్రం కూతురు షెడ్డుకు వచ్చేసరికి భర్త అదే చక్రం విప్పి, గుంటలు పడ్డ బేరింగును కొట్టి బయటికి తీస్తున్నాడు.

"ఇది కొత్తదన్నావట?"

"ఆయన ఇంట్లో కూర్చుంటే నీకేం నష్టం? నోరు మూసుకో."

ఆమె ఆ బేరింగును కొంగులో చుట్టుకుని తండ్రి దగ్గరికి పరుగెత్తి, చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "నువ్వు చెప్పిందే నిజం నాన్నా. ఆ చక్రంలోదే ఇది."

ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, ఆమె చేతిలోనే పెట్టేశాడు. "ఏ బండిదో తెచ్చావు. నన్ను ఊరడించడానికి ఇంత తిరగాలా తల్లీ?"

ఎన్నిసార్లు ఒట్టేసినా తల నిమిరాడే తప్ప నమ్మలేదు.

తర్వాత నాలుగేళ్లు బతికాడు. ఇంట్లో కుళాయి కారినా, తలుపు బందు ఊడినా, "నాకు తెలీదమ్మా, తెలిసినవాళ్లని పిలువు" అనేవాడు.