క్లారినెట్ తీసేసిన వరస

గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనక గది కిటికీకి పాత బొంతలు కట్టి, అక్కడే నేను సంగీతం తయారు చేస్తుంటాను. మాటలుండవు, పాడేవాళ్లుండరు. అన్నీ నిమిషం, రెండు నిమిషాల ముక్కలే. ప్రకటనలు, డాక్యుమెంటరీలు తీసేవాళ్లకు అవసరమైనప్పుడు ఇవ్వడానికి అలాంటి ముక్కల్ని పోగుచేసి పెట్టుకునే మ్యూజిక్ లైబ్రరీలున్నాయి. వాటికి పంపుతాను. దగ్గర్లోని ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ అద్దాలు అదిరి రికార్డింగ్ పాడవుతుంది. అది అయిపోయేదాకా ఆగి మొదలుపెడతాను.

ఒకసారి ఒక లైబ్రరీవాళ్లు దుఃఖంగా మొదలై చివర కొంచెం ఆశ కనిపించే ముక్క కావాలన్నారు. కీబోర్డు మీద ఎంత వాయించినా ఆ దుఃఖం నాకే నమ్మబుద్ధి కాలేదు. అప్పుడు బావను అడుగుదామనిపించింది. బావంటే మా అక్క భర్త. బొగ్గుబాయిలో పనిచేస్తూ, సెలవు దొరికితే పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. బరాత్ ముందు ఆయన ఊదుతుంటే ముసలివాళ్లు కూడా చెప్పులు విడిచి ఆడేవారు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపాక క్లారినెట్ పెట్టె మంచం కిందికి పోయింది.

అడిగితే అక్క కోప్పడింది. "మెట్లెక్కితేనే ఆయాసమొస్తది ఆయనకు. నీకు తెల్వదా చెల్లె?"

బావే వంగి పెట్టె బయటికి లాగాడు. "ఊకో. ఇంత ఊదితె సచ్చిపోతనా ఏంది?"

మర్నాడు బ్లాస్టింగ్ అయ్యాక వచ్చాడు. వరసంతా ఒక్క ఊపున వాయించలేకపోయాడు. కొంచెం ఊది, గోడకు ఆనుకుని, ఇన్‌హేలర్ పీల్చి, మళ్లీ ఊదాడు. మధ్యమధ్య దగ్గు తెరలు. ఇక చాలంటే, ఆపొద్దని చేత్తోనే సైగ చేశాడు. ఆయన వెళ్లాక ఆయాసం, దగ్గు కోసేసి, మంచి ముక్కల్ని ఒకదానికొకటి అతికించాను. తర్వాత ఆయన్ను పిలిచి హెడ్‌ఫోన్స్ పెట్టాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"నా దగ్గంత తీసేసినవా?"

"తీసేసిన బావా. ఉంటె వాళ్లు తీసుకోరు."

"మంచిగ చేసినవ్. బాయిల దిగకముందు వాయించినట్టున్నది. ఇంకోసారి పెట్టు."

లైబ్రరీవాళ్లకు నచ్చింది. అయితే ఒక్కో ముక్కకూ నిడివి తగ్గించిన రకాలతో పాటు, ముఖ్యమైన వాద్యం తీసేసిన రకం కూడా ఇవ్వాలి. ప్రకటనలో సంగీతం మీద ఎవరైనా మాట్లాడుతుంటే వాద్యం అడ్డురాకూడదని. ఆ పని ఇంకా మిగిలుండగానే బావను దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. నన్ను చూసి ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపాడు.

"పంపినవా?"

"పంపుత బావా. నువ్వు మాట్లాడకు."

ఆ వారమే పోయాడు.

దినాలయ్యాక మిగిలిన పని ముందేసుకుని కూర్చున్నాను. చెయ్యాల్సిందల్లా క్లారినెట్ వినిపించకుండా ఒక బటన్ నొక్కడమే. చాలాసేపు చెయ్యి రాలేదు. చివరికి నొక్కాను. తీగల మోత, కింద మెత్తటి డప్పు దెబ్బ మిగిలాయి. వినడానికి లోటేమీ లేదు. అందుకే భయమేసింది.

అన్నీ పంపిన కొన్నాళ్లకు ఆ వరస ఇళ్లు అమ్మే ఒక ప్రకటనలో వచ్చింది. అక్క చూస్తానంటే ఫోన్లో పెట్టాను. కొత్త వంటగది, పిల్లల నవ్వులు, ఎవరో ఒకామె మెత్తగా మాట్లాడటం. అక్క ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది.

"మీ బావది ఎప్పుడొస్తది?"

"రాదక్కా. క్లారినెట్ లేనిదే వాడుకున్నరు."

ప్రకటన అయిపోయాక అక్క ఫోను చెవి దగ్గర్నుంచి దించింది. "ఆయనకు తెల్వకుంటనే పోయిండు. గంతే సాలు."

"ఆయన వాయించింది నా దగ్గరున్నది. పెట్టనా?"

"ఇప్పుడొద్దు," అని ఫోను నా చేతిలో పెట్టేసింది. ఇప్పటిదాకా మళ్లీ అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.

మొన్న ఆ లైబ్రరీవాళ్లు అలాంటి దుఃఖపు ముక్కలే ఇంకొన్ని కావాలని రాశారు. పిల్లల బొమ్మల ప్రకటనలకు పనికొచ్చే హుషారు ముక్కలైతే చేసిస్తానని జవాబిచ్చాను.