దేవుడికి చెప్పిన అడ్రసు

ఆ ఆదివారం ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. తెరిచి ఉంటే మా చర్చి ఆంటీ నోటికి చెయ్యి అడ్డం పెట్టేసేదాన్ని.

రాయపూర్‌లో మా తెలుగు చర్చి సంఘానికి ఒక అలవాటుంది. ప్రసంగానికి ముందు ఎవరైనా లేచి తమకు తెలిసినవాళ్ళ కష్టాల కోసం పైకి ప్రార్థించవచ్చు. వారమంతా హిందీలో బతికి, ఆ ఒక్క పూట తెలుగులో కన్నీళ్ళు పెట్టుకుంటాం. ఎవరి కడుపులో రాయి ఉందో, ఎవరి కొడుకు ఏ సబ్జెక్టులో తప్పాడో, ఎవరి ట్రాన్స్‌ఫర్ ఏ ఆఫీసరు దగ్గర ఆగిందో అన్నీ బయటికొస్తాయి. ఎంత వివరంగా చెబితే అంత ప్రేమ ఉన్నట్టు లెక్క.

ఆంటీ రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ గొంతుకు మైకు అక్కర్లేదు.

"ప్రభువా! మెడలో గొలుసు తెంపుకుపోయిన దుర్మార్గుల చేతిలోంచి నీవు కాపాడిన మా బిడ్డ! భయపడి ఇల్లు మారి, ఇప్పుడు వాటర్ ట్యాంకు వెనక సందులో, పసుపు గేటు ఇంట్లో ఉంటున్న మా బిడ్డ! భర్త సిల్తారా ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీకి పోతే ఒంటరిగా ఉంటున్న మా బిడ్డ! వచ్చే శుక్రవారం కోర్టులో వాణ్ణి గుర్తుపట్టబోతున్న మా బిడ్డకు ధైర్యం దయచెయ్యి తండ్రీ!"

"ఆమేన్!" అన్నారు అందరూ. నేను అనలేదు. ఆ బిడ్డను నేనే.

సంగతేమిటంటే, అంతకు కొన్ని నెలల ముందు, ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకుని స్కూటీ మీద ఇంటికొస్తుంటే, బైకు మీద వచ్చిన ఇద్దరిలో వెనకవాడు నా గొలుసు లాగాడు. నేను వాడి గంఛా పట్టుకుని లాగాను. ఎండకు మొహానికి చుట్టుకునే ఆ తువ్వాలు నా చేతిలోకొచ్చింది, మొహం మొత్తం కనబడింది. పోతూ పోతూ వాడు "ఛోడ్ బుఢియా!" అని అరిచాడు. వదలవే ముసలీ అని! అప్పటికి నాకు నలభై కూడా నిండలేదు. గొలుసు సంగతి నేను మరచిపోయినా మరచిపోతానేమో, ఆ మాట మరవను.

వాడు దొరికాడు, బెయిలు మీద బయటికీ వచ్చాడు. ఆ తర్వాత వాడి అన్న మా గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టాడు. తిట్టేవాడు కాదు, బెదిరించేవాడు కాదు. "దీదీ, మాఫ్ కర్ దో నా, బచ్చా హై", అక్కా క్షమించెయ్, చిన్నపిల్లాడు అంటూ నవ్వేవాడు. ఆ నవ్వు చూసే ఇల్లు మారాం. కొత్త ఇల్లు ఎక్కడో అత్తగారికి కూడా చెప్పలేదు. ఆసుపత్రికీ, కోర్టుకీ, ఒక సేవాసంస్థకీ మాత్రమే తెలుసు.

నేరాలకు గురైనవాళ్ళకు సాయం చేసే సంస్థ అది. పోలీసు స్టేషనుకూ కోర్టుకూ మనతో తోడు వస్తారు. బట్టల షాపు మీద రెండు గదులు. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడి మేడం నా చెయ్యి పట్టుకుని, "దీదీ, మీరు చెప్పేది ఈ గది దాటదు" అని హిందీలో మాటిచ్చింది. ఒక కాలు పొట్టిగా ఉన్న ప్లాస్టిక్ స్టూలు మీద ఊగుతూ ఆ మాట నమ్మాను. అక్కడ వాలంటీరుగా చేస్తున్న మా చర్చి ఆంటీనే నాకు తోడుగా వేశారు. తెలుగావిడ అయితే నాకు బాగుంటుందని.

గది దాటదన్న మాట చర్చిలో ఆమేన్ దాకా వచ్చింది. ఆరాధన ముగియగానే ఆంటీని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"ఏమిటాంటీ ఈ పని?"

"బాగా వచ్చింది కదమ్మా ప్రార్థన! నాకే ఒళ్ళు జలదరించింది."

"నా ఇల్లెక్కడో అందరికీ చెప్పేశారు!"

"అయ్యో, నీ పేరెక్కడ చెప్పాను తల్లీ? పేరు బయటికి రాకూడదని ఆఫీసులో చెప్పారు. పక్కా గుర్తుపెట్టుకున్నాను. వచ్చిందా నా నోట? రాలేదుగా!"

"పసుపు గేటని చెబితేగానీ దేవుడికి నా ఇల్లు దొరకదా ఆంటీ?"

"వెటకారం వద్దమ్మా. వివరం లేకుండా ప్రార్థనేంటి, రేడియోలో వార్తల్లాగా!"

ఇంతలో ఒకాయన దగ్గరికొచ్చి, "ట్యాంకు వెనకేనా అమ్మా? మా ఇంటికి దగ్గరే. సాయంత్రం మేమిద్దరం వస్తాం, చాయ్ పెట్టండి" అన్నాడు ఆనందంగా. పేరు చెప్పలేదట!

అప్పుడు చూశాను స్టాండుకు బిగించిన ఫోన్ని. కరోనా రోజుల్లో మొదలైన అలవాటు, ఆరాధనంతా యూట్యూబులో లైవు పోతుంది. పోయి, అక్కడే ఉండిపోతుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే, పేషెంటుకైతే డాక్టర్ని పిలిచేదాన్ని. పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

"అయ్యగారూ, ఆ వీడియో తీసెయ్యండి."

"మొత్తమా? ఈ వారం ప్రసంగం చాలా బాగా వచ్చిందమ్మా."

"వచ్చే వారం ఇంకా బాగా చెబుదురుగాని. ఇప్పుడే తియ్యండి."

"భోంచేసి..."

"ఇప్పుడే అయ్యగారూ."

ఫోనులో ఆ వీడియో మాయమయ్యేదాకా ఆయన భుజం పక్కనే నిలబడ్డాను. ఆ ప్రసంగం పోయిందని ఆయన చాలాకాలం బాధపడ్డారు. నా ఇల్లు ఏమైందని ఒక్కసారీ అడగలేదు.

ఇంటికొస్తూ దారిలో ఆకుపచ్చ పెయింటు, రెండు బ్రష్షులు కొన్నాను. మావారు నిద్రకళ్ళతో లేచి చూసేసరికి గేటు సగం పచ్చబడింది.

"కేసు వదిలెయ్యవే బాబూ. ఆ గొలుసు ఎలాగూ రాదు" అన్నారు.

"బ్రష్షు పట్టుకోండి. కింద కడ్డీలు మీవి."

"కోర్టులో ఏం చెబుతావో వాడికి తెలుసు. ఇప్పుడు ఇల్లు కూడా తెలిస్తే? నేను డ్యూటీలో ఉంటాను."

శుక్రవారం లోపల ఆ అన్న మళ్ళీ గేటు దగ్గర నవ్వుతూ కనబడితే, నేను కోర్టుకు వెళ్ళనని మా ఇద్దరికీ తెలుసు.

సోమవారం పొద్దున్నే సంస్థకు వెళ్ళాను. మళ్ళీ అదే స్టూలు! మేడం అంతా విని, "దీదీ, ఇత్నా మత్ సోచియే. దుఆ హీ తో కీ హై" అంది. అంత ఆలోచించకండి, ప్రార్థనే కదా చేసింది అని. ఆవిడ తర్వాత ఎన్ని మంచి పనులు చేసినా, ఆ మాట నేను మరచిపోలేదు.

"నా గురించి మీ దగ్గర ఏమేమున్నాయి? అందులో ఏది ఎవరికి తెలుసు? చెప్పేదాకా లేవను" అన్నాను. అన్నాక స్టూలు ఊగింది కానీ నేను ఊగలేదు.

చివరికి మేడం తన ఫోను తెరిచింది. వాలంటీర్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు. అందులో మేడం రాసిపెట్టిన నా కథ: గొలుసు, అన్న నవ్వు, ట్యాంకు, పసుపు గేటు, మావారి షిఫ్టు, సాక్ష్యం రోజు. గ్రూపులో ఉన్నవాళ్ళలో సగంమంది మొహాలు కూడా నేను చూడలేదు. ఆంటీ తనంతట తాను ఏమీ కలపలేదు పాపం. ఇచ్చినదాన్నే దేవుడికి అప్పజెప్పారు.

"ఇదంతా ఎందుకు రాశారు?"

"మీ బాధ వాళ్ళకు తెలియాలి కదా దీదీ. తెలిస్తేనే మనసు పెట్టి చేస్తారు."

మా చర్చి లెక్కే! వివరమే ప్రేమ. నాకు కోపంలోనే నవ్వొచ్చింది.

"మేడం, మా వార్డులో పేషెంటును ఎక్స్‌రేకు తీసుకెళ్ళే మనిషికి ఏ మంచమో, ఏ కాలో చెబుతాం. ఆయనకున్న జబ్బులన్నీ చెప్పం. అయినా అతను జాగ్రత్తగానే తోస్తాడు. ఆంటీ చెయ్యాల్సింది ఏమిటి? శుక్రవారం కోర్టు గేటు ముందు టీ కొట్టు దగ్గర నాతో నిలబడాలి. అందుకు నా గేటు రంగు ఎందుకు?"

మేడం నా ముందే ఆ మెసేజి తీసేసింది. నా ముందే ఒక్కొక్కరికి ఫోను చేసి వాళ్ళ ఫోన్లలో కూడా తీయించింది. ఇకమీదట వాలంటీరుకు ఎక్కడ, ఎప్పుడు అన్న రెండు ముక్కలే చెబుతామంది. అడ్రసు మేడం దగ్గర తాళంలో. ఎవరు ఫోను చేసి అడిగినా, అలాంటి మనిషి మా దగ్గరికి వచ్చిందని కూడా చెప్పకూడదు. నేను అడిగితే ఇదంతా రాసి సంతకం కూడా పెట్టింది. ఎంత సంతోషమేసిందో! కానీ సారీ మాత్రం నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి చెప్పింది. మొహం చూసి చెప్పి ఉంటే బాగుండేది.

మాట వేరు, చేత వేరు. అందుకని బుధవారం మావారి చేత, ఆంటీకి తెలియని నంబరు నుంచి ఫోను చేయించాను. స్పీకరు పెట్టాం. ఆయన ఫ్యాక్టరీ గొంతుతో, "నమస్తే ఆంటీజీ, ఆ గొలుసు పోయిన దీదీకి కొరియర్ వచ్చింది, ఇల్లెక్కడ?" అని హిందీలో అడిగారు.

"కౌన్ దీదీ? మై కిసీకో నహీ జాన్తీ!" ఏ దీదీ, నాకెవరూ తెలియదు అని.

"చర్చిలో ప్రార్థన కూడా చేశారట కదా?"

"నేను లోకంలో అందరి కోసం చేస్తాను భైయా! నీ కోసం కూడా చేస్తాను, నీ పేరూ అడ్రసూ చెప్పు ముందు!"

ఠక్కున పెట్టేశారు మావారు. నేను వంటింట్లో గంతులేశాను. ఆయన మాత్రం, "అమ్మో, ఈవిడ నన్నే పట్టించేట్టుంది" అన్నారు. కేసు వదిలెయ్యమన్న మాట ఆ రోజు తర్వాత ఆయన నోట రాలేదు.

శుక్రవారం టీ కొట్టు దగ్గర ఆంటీ ముందే ఉన్నారు. ఏమీ అడగలేదు. టీ చేతిలో పెట్టారు, అంతే. కోర్టు గదిలో వెనక వరసలో ఆ అన్న, అదే నవ్వు. నేను బోనులో నిలబడి వాడి తమ్ముణ్ణి వేలెత్తి చూపించాను.

అవతలి వకీలు లేచాడు. "ఇప్పుడు మీరు ఉంటున్నదెక్కడ?"

వెనక వరసలో నవ్వు ఆగింది. ఆ అన్న ముందుకు వంగాడు. అంతలో ప్రభుత్వ వకీలు లేచి, సాక్షి అడ్రసు కోర్టుకు విడిగా ఇచ్చామనీ, పైకి చెప్పనక్కర్లేకుండా చూడమనీ అడిగాడు. జడ్జిగారు తలూపారు. "తర్వాతి ప్రశ్న" అన్నారు. ఆ పని ముందురోజే మేడం వెళ్ళి చేయించిందట. నాకు ముందుగా ఒక మాట చెప్పొచ్చు కదా! నా ప్రాణం అక్కడే సగం పోయింది.

ఆ అన్న మళ్ళీ మా గేటు దగ్గర కనబడలేదు. ఆ ఇంట్లోనే ఉన్నాం ఇప్పటికీ.

ఆ తర్వాతి ఆదివారం ఆంటీ మళ్ళీ లేచారు. నేను కళ్ళు తెరిచే ఉంచాను. ఆవిడ నోరు తెరిచి, నా వైపు చూసి, ఒక్క క్షణం ఆగారు. ఎన్ని వివరాలు గొంతులో అడ్డుపడ్డాయో ఆవిడ మొహంలో కనబడింది.

"ప్రభువా, ఒకామె ఉంది. ఎవరో నీకు తెలుసు. ఏమడుగుతున్నానో అదీ తెలుసు. చాలా కృతజ్ఞతలు."

సంఘంలో అంత పొట్టి ప్రార్థన ఎవరూ వినలేదు. అయిపోయిందని కూడా ఎవరికీ తెలియలేదు. అందరికంటే ముందు ఆమేన్ అన్నది నేనే, గట్టిగా.