మూడో పాటలో చప్పుడు

ఆయన లిఫ్టు మేస్త్రి. ఇరవై ఏడేళ్ళ సర్వీసు. ఆయన చేతి కింద పధ్నాలుగు భవనాలున్నాయి. ఉన్నాయంటే ఆయన ఆస్తి అని కాదు; వాటిలో లిఫ్టు ఆగినప్పుడల్లా తిట్లు తినే సర్వహక్కులూ ఆయనవని అర్థం.

వృత్తిలో ఆయనకు పేరు తెచ్చినవి చెవులు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాడు. ఆ క్షణాన భవన నివాసుల సంఘం అధ్యక్షుడైనా సరే ఊపిరి బిగపట్టి నిలబడాల్సిందే. కాసేపటికి కళ్ళు తెరిచి, "కుడి పక్క బేరింగు. రెండు నెలలు" అంటాడు. సరిగ్గా రెండు నెలలకు అది పోతుంది. పొరపాటున మూడో నెల కూడా తిరిగితే, దాన్ని చూసినప్పుడల్లా ఆయనకు మనసు చివుక్కుమంటుంది.

పగలంతా మోటార్ల రొదలో గడిపే మనిషి ఇంటికొచ్చి నిశ్శబ్దం కోరుకుంటాడని లోకం అనుకుంటుంది. ఆయన ఇంటికొచ్చి రాక్, మెటల్ సంగీతం పెట్టుకుంటాడు. గాయకుడు ఎవరిని శపిస్తున్నాడో, ఏ ప్రళయాన్ని పేరుపెట్టి పిలుస్తున్నాడో ఆయనకు అనవసరం. ఆయనకు కావలసింది రికార్డింగు. ఈ విషయంలో ఆయన సిద్ధాంతం ఒక్కటే: నలుగురు ఒకేసారి గొంతు చించుకుంటున్నప్పుడు ఎవరి గోల వారిదిగా వినపడాలి. డ్రమ్ము మీద దెబ్బ పడితే, ఆ దెబ్బ ఎంత పెద్ద గదిలో పడిందో, గోడలు ఎంత దూరాన ఉన్నాయో తెలియాలి. ఈ రోజుల్లో వచ్చే ఆల్బములు మొదటి సెకను నుంచే పై అంతస్తులో కూర్చుని అరుస్తాయనీ, పాపం వాటికి ఇక ఎక్కడానికి అంతస్తే ఉండదనీ ఆయన బాధ.

ఇంట్లో మూడొందల నలభై ఆల్బములున్నాయి. ఆయన పరీక్షలో ప్యాసైనవి పంతొమ్మిది. తక్కినవాటిలో ఒకదానికి తాళాల మోత ఇసుక చల్లినట్టుందట, మరొకదానికి బేస్ గిటారు పక్కింట్లో వాయిస్తున్నట్టుందట. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న ఒక ఆల్బమును, గాయకుడి నోట్లో దూది కుక్కినట్టుందన్న నేరం మీద ఆయన అటక ఎక్కించాడు.

వినడం కూడా సుఖంగా వినడు. ముందుగదిలో రెండు నిలువెత్తు స్పీకర్లు, మాటల్లేని తోడికోడళ్ళలా చెరో పక్కకీ కాస్త తిరిగి నిలబడి ఉంటాయి. వాటి ఎదురుగా కుర్చీ. కుర్చీ కాళ్ళు ఎక్కడుండాలో నేల మీద సుద్దముక్కతో గీసి ఉంటుంది. ఆ కుర్చీలో ఆయన వరుసగా నాలుగు నిమిషాలు కూర్చోగా చూసినవారు లేరు. లేచి స్పీకరును వేలెడు జరుపుతాడు. కూర్చుంటాడు. లేచి కర్టెను లాగుతాడు. కూర్చుంటాడు. ఫ్రిజ్ గురగురమంటోందని వెళ్ళి ఆపేస్తాడు. మళ్ళీ వేయడం మర్చిపోతాడు. ఆ ఇంట్లో పాలు ఎన్నిసార్లు విరిగాయో ఆయన భార్య దగ్గర లెక్కుంది. ఆమె ఆసుపత్రిలో నర్సు.

"మత్తెక్కని పేషెంట్లు కూడా మీకన్నా కుదురుగా పడుంటారండీ" అంటుంది ఆమె. "ఒక్క పాట కూర్చుని వినండి, చూసి సంతోషిస్తాను. పాటేమీ పారిపోదు."

"వింటూనే ఉన్నానే!"

"కాళ్ళతోనా?"

వీరికి ఒక్కతే కూతురు. నలుగురున్న ఒక మెటల్ బ్యాండులో డ్రమ్ములు వాయిస్తుంది. మూడేళ్ళ పాటు అక్కడా ఇక్కడా వాయించి, ఎట్టకేలకు ఒక ఆల్బము పూర్తి చేశారు. ఆ శనివారం ఉదయం ఆమె ఒక సీడీ తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"సాయంత్రం ఐదింటికల్లా ఫ్యాక్టరీకి ఫైళ్ళు పంపాలి నాన్నా. నల్ల రికార్డులు అచ్చువేసేవాళ్ళు. ఐదు దాటితే మా వంతు ఇంకొకళ్ళకి పోతుంది."

"పోతే మళ్ళీ వస్తుందిగా?"

"ఏడు నెలలకి వస్తుంది. గిటారు వాడికి వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చింది, వచ్చే నెలే వెళ్ళిపోతున్నాడు. అప్పటికి బ్యాండే ఉండదు."

"అయితే పంపెయ్యి. నాకెందుకిస్తున్నావు?"

"నువ్వు సరేనంటేనే పంపుతా. మావాళ్ళకి అంతా బాగానే ఉంటుంది. అమ్మకి నేను గిన్నెలు కొట్టినా బాగుంటుంది. నీకే కదా ఏదీ బాగుండంది!"

ఇది పొగడ్తో తిట్టో ఆయనకు తేలలేదు. "రికార్డింగు ఎక్కడ చేశారు?" అన్నాడు గంభీరంగా.

"విన్నాక చెబుతా. స్టూడియోలో మెషీన్ ముందే కూర్చుని ఉంటాను, ఫోన్ చెయ్యి" అని ఆమె వెళ్ళిపోయింది.

సీడీని ఆయన మూడుసార్లు తుడిచాడు. గోళ్ళు తీసుకున్నాడు. ఆకలి లేకపోయినా భోజనానికి కూర్చున్నాడు, సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. పరాయివాళ్ళ ఆల్బమును చెత్త అనడానికి ఆయనకు అర నిమిషం చాలు. కన్నకూతురి మూడేళ్ళ కష్టాన్ని ఆ మాట అనాల్సొస్తే ఏం చేయాలన్న దానికి సిద్ధాంతంలో ఏర్పాటు లేదు. రెండున్నరకు ఇక తప్పదని కుర్చీలో కూర్చున్నాడు.

మొదటి పాట అయింది. ఆయన లేవలేదు. రెండో పాట నడుస్తోంది. లేవలేదు. వంటింట్లోంచి భార్య తొంగిచూసి, ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు ఒక్క క్షణం ఆయన ఛాతీ కదలడం గమనించి, వెళ్ళిపోయింది.

మూడో పాట మధ్యలో గిటార్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. డ్రమ్ములు ఒక్కటే మిగిలాయి. గది ఇరుకు, ఎత్తు మాత్రం చాలా ఎక్కువ; ఒక్కో దెబ్బ మెట్టు మెట్టుగా పైకి ఎక్కిపోతున్నట్టుంది. దాని వెనకాల, సన్నగా, లెక్క తప్పకుండా: సర్ర్... సర్ర్... సర్ర్...

ఆయన లేచాడు.

ఫ్రిజ్ ఆపాడు. ఫ్యాను ఆపాడు. వంటింట్లో గ్యాసు మీద ఉన్నదాన్ని అడక్కుండా దింపాడు. "ఏమండీ, అది ఉడకలేదు!" అన్న కేక పెడచెవిన పెట్టి, వెనక్కి వచ్చి పాటను మళ్ళీ తిప్పాడు. సర్ర్... సర్ర్... ఇంట్లోది కాదు, పాటలోదే. ఇంత శుభ్రమైన రికార్డింగులో ఈ మచ్చేమిటి? ఈ మాట ఆ పిల్లకి ఎలా చెప్పడం?

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. మొన స్పీకరు పెట్టెకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. భార్య గరిటెతో సహా గుమ్మంలో నిలబడిపోయింది.

"మీకేమైనా అయిందా?"

"బ్రేకు" అన్నాడాయన కళ్ళు తెరిచి. "ఎడమ పక్క షూ. ఇది నా కిందున్న ఆరంతస్తుల బిల్డింగు లిఫ్టు. ఆ మెట్ల దగ్గర కూర్చుని వాయించారు వీళ్ళు."

లిఫ్టు మోటారు పక్కన ఒక ఇనప చక్రం ఉంటుంది. దాన్ని రెండు వైపుల నుంచి రెండు బ్రేకు షూలు పట్టుకుంటాయి. లిఫ్టు కదిలేటప్పుడు అవి రెండూ విడిచిపెట్టాలి. ఒకటి సరిగ్గా విడవకపోతే చక్రం తిరిగినప్పుడల్లా రాచుకుంటుంది, అరుగుతుంది. అరిగి అరిగి, పట్టుకోవాల్సిన రోజున పట్టుకోదు.

అసలు విషయం అప్పుడు తట్టింది ఆయనకు. కూతురు వాళ్ళు రికార్డు చేసింది నెల కిందట. తను ఆ భవనానికి నెలవారీ సర్వీసుకు వెళ్ళింది పోయిన వారం. అంటే ఈ చప్పుడు అప్పటికే ఉంది. మరి తనకెందుకు వినపడలేదు? ఎందుకంటే ఆ రోజు మోటారు గదిలో ఆయన రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లున్నాయి. అంతకు ముందు రోజే చేతికొచ్చిన ఒక ఆల్బములో, డ్రమ్ముల మధ్య నిశ్శబ్దం ఎంత లోతుగా ఉందో పరిశీలిస్తున్నాడు. ఆ నిశ్శబ్దానికి పరవశించిపోతూనే సర్వీసు కార్డులో "అంతా సవ్యం" అని రాసి సంతకం పెట్టి వచ్చాడు.

వాచ్‌మన్‌కు ఫోన్ చేసి, లిఫ్టు ఇప్పుడే ఆపి తలుపుకి బోర్డు తగిలించమని అరిచాడు. ఫోను స్పీకరు పెట్టె మీదే మర్చిపోయి, సంచి భుజాన వేసుకుని, కాలుకాలిన పిల్లిలా వీధిలో పడ్డాడు.

"పిల్లకేం చెప్పమంటారు?" అని భార్య వెనక నుంచి అరిచింది. ఆయన అప్పటికే మలుపు తిరిగాడు.

ఆరంతస్తులూ ఎక్కి మోటారు గది చేరేసరికి ఆయన గుండే ఒక డ్రమ్ము. మూత తీసి చూశాడు. ఎడమ షూ మీద పొర గాజు పెంకులా పలచబడి ఉంది. ఇంకో పది రోజులు తిరిగుంటే ఏమయ్యేదో చెప్పలేం. ఇరవై ఏడేళ్ళ అనుభవమున్న మేస్త్రి, చుట్టూ ఎవరూ లేకపోయినా, తల దించుకున్నాడు. తర్వాత పని మొదలుపెట్టాడు. పాత షూ ఊడదీసి, సంచిలోని కొత్తది బిగించి, స్ప్రింగు సరిచేసి, ఎడం చూసి, మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించాడు. చేతులు ఒక చోట నిలవలేదు.

నాలుగూ ముప్పావుకు మెట్ల మీద మూలుగు వినిపించింది. ఐదో అంతస్తు పిన్ని. రిటైరైన లెక్కల టీచరు. బంధువేమీ కాదు, ఆ భవనంలో అందరికీ పిన్నే. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది, తిట్టడానికి.

"ఏం నాయనా, లిఫ్టు ఆపి నన్ను బందీని చేస్తావా? కిందికెళ్ళాలంటే ఎలా?"

"పది నిమిషాలు పిన్నీ. బ్రేకు అరిగిపోయింది. చప్పుడొచ్చింది, వినలేదా మీరు?"

"వినకేం! మీ అమ్మాయే కదా ఆ చప్పుడు కావాలని నన్ను లిఫ్టులో పైకీ కిందికీ పదకొండుసార్లు తిప్పింది!"

ఆయన చేతిలో స్పానరు ఆగిపోయింది. "కావాలనా?"

"అవును మరి. మెట్ల దగ్గర డ్రమ్ములు పెట్టుకున్నారు. వాళ్ళ చేతులు ఖాళీ లేవు, లోపల బటను నొక్కడానికి ఒక మనిషి కావాలన్నారు. నేను మెట్లెక్కలేనుగానీ లిఫ్టులో ఎంతసేపైనా నిలబడతానన్నాను. భలే లెక్కగా వాయించిందయ్యా మీ పిల్ల! చక్రం మూడుసార్లు రాచుకుంటే నాలుగు దెబ్బలు. ఒక్కటి తప్పలేదు."

"ఈ బ్రేకుతో మిమ్మల్ని పదకొండుసార్లు..." అంటుండగానే ఆయనకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. "టైమెంత పిన్నీ?"

"పది తక్కువ ఐదు."

జేబులు తడుముకున్నాడు. ఫోను లేదు. తన కింద ఉన్న పధ్నాలుగు మోటార్ల సీరియల్ నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కూతురి ఫోను నంబరులో మొదటి మూడంకెల తర్వాత ఏముందో ఆయనకు తెలియదు.

"నా దగ్గరుందిలే" అని పిన్ని తన ఫోను తీసి, కళ్ళజోడు సవరించుకుని, "డ్రమ్ముల పిల్ల" అన్న పేరు మీద నొక్కి ఇచ్చింది.

"పిన్నిగారూ, ఇప్పుడు మాట్లాడలేనండీ" అంది కూతురి గొంతు.

"నేనే."

"మూడో పాటలోనే లేచి వీధిలోకి పరుగెత్తావని చెప్పింది అమ్మ. నీ మాటలు తనకేం అర్థం కాలేదట" అంది. "అంత చెత్తగా ఉందా నాన్నా? మూడో పాట తీసేసి పంపిద్దామని మావాళ్ళతో అంటున్నా. లేకపోతే పంపడమే మానేద్దామని."

"తియ్యకు!"

"మరి పరుగెందుకు?"

"ఆ చప్పుడు బ్రేకుదే తల్లీ! అరిగిపోతోంది. ముసలావిడని పెట్టి పదకొండుసార్లు తిప్పుతావా? బుద్ధుందా నీకు?"

"ముసలావిడెవరయ్యా?" అంది పిన్ని పక్కనుంచి.

"అది అరుగుదలని నాకేం తెలుసు?" అంది కూతురు. "నెలనెలా నువ్వే సర్వీసు చేస్తావు కదా. నువ్వు వదిలేశావంటే ప్రమాదం లేదనుకున్నా."

"నేను వినలేదు" అన్నాడు. "చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చున్నాను. తప్పు నాది. ఇప్పుడు కొత్త షూ వేశాను. ఇక ఆ చప్పుడు రాదు. మళ్ళీ రికార్డు చేద్దామన్నా దొరకదు."

"ఆరు నిమిషాలుంది నాన్నా. పంపనా వద్దా?"

ఆయన విన్నది రెండున్నర పాటలు. మిగిలినవి ఐదున్నర. మొత్తం వినకుండా ఏ ఆల్బముకూ ఆయన జన్మలో ప్యాసు మార్కు వేసిన పాపాన పోలేదు. మోటారు గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు మూడడుగులు వేశాడు, తిరిగి మూడడుగులు వేశాడు. ఫోనులో పిల్ల ఊపిరి వినిపిస్తోంది.

"నేనింకా మొత్తం వినలేదే" అన్నాడు.

"తెలుసు."

"కానీ చూడు, మన ముందుగదిలో కుర్చీలో కూర్చుని, అది ఏ బిల్డింగో చెప్పాను. బ్రేకని చెప్పాను. వచ్చి చూస్తే అదే. ఎడమ షూ! కుడిదా ఎడమదా అన్నది కూడా తెలిసిందే, మీ పాటలో! డ్రమ్ములు అంత మోగుతుంటే!"

"అంటే బాగున్నట్టా?"

"ఎడమ షూ అంటుంటే ఇంకా బాగున్నట్టా అంటావేమిటి? పంపెయ్యి. మూడో పాటతో సహా. తొందరగా!"

అటు పక్క ఒక్క టక్కుమన్న చప్పుడు. వెనకాల ఎవరో ఈల వేశారు, ఎవరో కుర్చీ పడేశారు. కూతురు నవ్వుతోందో ఏడుస్తోందో, ఆయన చెవులకు కూడా సరిగ్గా అందలేదు. "వెళ్ళిపోయింది నాన్నా" అంది.

"మంచిది" అన్నాడాయన. మళ్ళీ మూడడుగులు వేశాడు. "అది సరేగానీ, రెండో పాటలో బేస్ గిటారు ఒక్క పిసరు..."

ఫోను పెట్టేసిన చప్పుడు. పిన్ని చెయ్యి చాపి తన ఫోను వెనక్కి తీసుకుంది.

"ఇక లిఫ్టు వెయ్యి నాయనా" అంది. "నేను కిందికెళ్ళాలి. నువ్వూ రా. ముందు నువ్వెక్కు, తర్వాత నేనెక్కుతాను."